బ్రెజిలియన్ జియు-జిట్సు మొదలుపెట్టాలంటే: దూరపు అకాడమీయా, ఊళ్ళో జూడోనా, ఆఖడానా?

నలభై దగ్గరపడి, పొట్ట ముందుకొచ్చి, పగలంతా దుకాణం గల్లా దగ్గరో ఆఫీసు కుర్చీలోనో గడిచిపోయే మనిషికి బ్రెజిలియన్ జియు-జిట్సు (ఎదుటివాణ్ణి నేల మీద పట్టి లొంగదీసుకునే, కుస్తీలాంటి విద్య) నేర్చుకోవాలని బుద్ధి పుట్టడం వింతేమీ కాదు. రాత్రి పడుకోబోయే ముందు ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే ఎవరికైనా పుడుతుంది. హైదరాబాదులో ఉన్నవాడైతే ఏ అకాడమీ ఇంటికి దగ్గరో చూసుకుంటాడు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ, జయపురంలో ఉన్న మన తెలుగువాళ్ళ చిక్కు వేరు. ఇక్కడ కరాటే క్లాసు ఏదో ఒక స్కూలు గ్రౌండులో కనబడుతుంది, జూడో కోసం కాస్త వెతకాలి, జియు-జిట్సు అంటే చాలామందికి రైలెక్కడమే.

కాబట్టి మన ముందున్న దారులు ఇవి. భువనేశ్వరో విశాఖో వెళ్ళి నేర్చుకోవడం. ఊళ్ళో దొరికే జూడోలో చేరడం. పొద్దున్నే ఆఖడాకి పోయి కుస్తీ పట్టడం. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి మేడ మీద మ్యాట్లు పరుచుకోవడం. వీటితోపాటు ఎక్కువమంది ఎంచుకునేది ఇంకొకటి ఉంది: ముందు ఒళ్ళు తగ్గించుకుని తర్వాత చేరతాననడం. దాని సంగతి ముందు తేల్చేద్దాం.

ఒళ్ళు తగ్గించుకుని చేరాలా?

అక్కర్లేదు. ట్రెడ్‌మిల్ మీద అరగంట పరిగెత్తేవాడు కూడా మొదటిరోజు మ్యాట్ మీద రెండు నిమిషాలకే రొప్పుతాడు. ఎందుకంటే అక్కడ అలసట కాళ్ళకు రాదు. ఊపిరి బిగబట్టడం వల్ల, అవసరం లేనిచోట పిడికిలి బిగించడం వల్ల, మీద మనిషి పడేసరికి గాభరా పడటం వల్ల వస్తుంది. అది తగ్గాలంటే ఆ మనిషి కిందే కొన్నాళ్ళు ఉండాలి. జిమ్‌లో ఆరు నెలలు గడిపి రావడం ఈతకు ముందు గట్టు మీద పరుగు తీయడం లాంటిది. మంచిదే, కానీ నీళ్ళలో పనికొచ్చేది కొంచెమే.

అయితే కొందరు ఆగాలి. రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసంతో మాట రానివాళ్ళు, నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవలేనివాళ్ళు ఓ నెల, నెలన్నర రోజూ నడిచి, నేల మీద కూర్చుని లేవడం అలవాటు చేసుకుని చేరితే సుఖం. బీపీ అదుపులో లేనివాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, మెడలోనో నడుంలోనో డిస్కు జారినవాళ్ళు డాక్టరుకి చూపించుకోకుండా మ్యాట్ ఎక్కకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగర్ బాగా పడేసే మాత్రలు వాడేవాళ్ళు క్లాసు టైముకి మోతాదు, తిండి ఎలా సర్దుకోవాలో కూడా అదే రోజు అడిగేయాలి. డాక్టరుకి ‘జియు-జిట్సు’ అంటే అర్థం కాకపోవచ్చు. మెడ మీద, పొట్ట మీద బరువు పడుతుందని, ఊపిరి బిగపట్టాల్సి వస్తుందని చెప్పండి, చాలు.

జూడోని ఎందుకు లెక్కలోకి తీసుకోవాలి

జపాన్‌లో జిగోరో కానో 1882లో కోడోకాన్ స్థాపించి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. ఆ కోడోకాన్‌లో తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, బెలెం ఊళ్ళో నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ 1925లో రియోలో అకాడమీ తెరిచాడు. తమ్ముడు ఎలియో దాన్ని నేల మీద పోరాటం వైపు ఇంకా లాగాడు. 1993లో, ఏ విద్యవాళ్ళైనా తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో ఎలియో కొడుకు రాయిస్ తనకంటే బరువైనవాళ్ళని వరసగా లొంగదీసుకున్నాక ప్రపంచం ఇటు చూసింది. అంటే మీ ఊళ్ళో జూడో క్లబ్ వేరే కులం కాదు, ఇంటి పెద్దే. మనిషిని కింద అదిమి పట్టడం, చెయ్యి మడవడం, కాలరుతో గొంతు బిగించడం అక్కడా నేర్పుతారు.

తేడా ఎక్కడుందంటే, గెలుపుని ఎలా లెక్కపెడతారన్న దాంట్లో. జూడోలో ఎదుటివాణ్ణి వీపు మీద పడేలా శుభ్రంగా విసిరితే ఆట అక్కడికి సరి. కింద 20 సెకన్లు అదిమి పట్టినా సరి. కుస్తీలో రెండు భుజాలూ నేలకి తగిలితే ఓటమే. రెంటిలోనూ వెల్లకిలా పడటమంటే పని అయిపోయినట్టు. జియు-జిట్సులో వెల్లకిలా పడ్డవాడు అప్పుడే ఆట మొదలుపెడతాడు: రెండు కాళ్ళ మధ్య ఎదుటివాణ్ణి ఇరికించి పట్టుకోవడాన్నే గార్డ్ అంటారు. పోటీ పాయింట్లు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. నిలబడి పడగొడితే 2. కింద నుంచి తిరగేసి పైకొస్తే అదీ 2. గార్డ్ దాటితే 3. ఛాతీ మీద ఎక్కి కూర్చున్నా, వెనకనుంచి పట్టుకున్నా 4.

పొట్ట ఉన్నవాడికి, మోకాళ్ళు మూలిగేవాడికి ఈ తేడాయే ముఖ్యం. జియు-జిట్సు క్లాసులో మొదటి నెలలు చాలాచోట్ల మోకాళ్ళ మీదో, కూర్చునో మొదలవుతాయి. పడటం తక్కువ. నెమ్మదిగా ఆడొచ్చు. అలసిపోతే కింద నుంచే గుక్క తిప్పుకోవచ్చు. జూడోలో సగం క్లాసు నిలబడే, విసరడం, విసిరించుకోవడం. తొంభై కిలోల మనిషి నడుం ఎత్తు నుంచి పడితే, పడటం రానప్పుడు, ఆ దెబ్బ భుజానికో మణికట్టుకో తగులుతుంది.

అంటే ఒళ్ళు బరువైనవాడికి సుఖమైన విద్య దూరంగా ఉంది. దగ్గరగా ఉన్నది దెబ్బలెక్కువ తగిలేది. ఎంపిక కష్టమయ్యేది ఇక్కడే.

దూరపు అకాడమీ

బరంపురం నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, రైల్లో మూడు గంటల లోపో కాస్త అటో ఇటో. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ అంతకంటే ఎక్కువ సేపే. ఆదివారం ఒక్కరోజు వెళ్ళొస్తానని లెక్కేసుకునేవాళ్ళు ఉంటారు. నేను వద్దనే అంటాను. వారానికి ఒక్క క్లాసుతో ఒళ్ళు ఏదీ గుర్తుపెట్టుకోదు. గంటన్నర క్లాసు కోసం ఆదివారమంతా రైలుకి రాసిచ్చేస్తే రెండో నెలలో ఇంట్లో గొడవ, మూడో నెలలో మీకే విసుగు. ఈ విద్యకి వారానికి రెండు రోజులు కనీసం. మూడైతే మంచిదే కానీ, పని ఒత్తిడి ఉన్నవాళ్ళు మూడని మొదలుపెట్టి సున్నాకి దిగిపోవడం కంటే రెండు పట్టుకుని ఉండటం నయం.

అలాగని దూరపు అకాడమీని పూర్తిగా కొట్టిపారేయను. సరుకు కోసం నెలకోసారి ఎలాగూ విశాఖ వెళ్ళే వ్యాపారులు మనలో చాలామందే. పిల్లల్ని హాస్టల్లో చూసి రావడానికో, అత్తారింటికో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఆ ప్రయాణానికి ఒక క్లాసు జత చేసుకోవచ్చు. బోర్డు మీద ‘ఎంఎంఏ జిమ్’ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి నేర్పే చోటు) అని ఉంటే సరిపోదు. గీ (జూడోవాళ్ళు వేసుకునే లాంటి దళసరి కోటు, ప్యాంటు) వేసుకుని నేర్పే జియు-జిట్సు క్లాసు ఏ రోజు, ఎన్నింటికి, నేర్పేవారి బెల్టు ఏది, ఒక్కరోజు వచ్చేవాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటారు అని ముందే ఫోన్లో అడగండి. ఊళ్ళో నెలంతా చేసిన తప్పుల్ని అక్కడ దిద్దించుకోవడం దీని అసలు ఉపయోగం. ఊళ్ళో సాధన లేకుండా ఇది ఒక్కటే పెట్టుకుంటే డబ్బు దండగ.

ఊళ్ళో జూడో

నా మొగ్గు దీనివైపే, కాకపోతే షరతులతో.

మొదటి షరతు కోచ్‌తో మాట. చేరకముందే వెళ్ళి, “సార్, పోటీల కోసం రాలేదు. మొదటి రెండు నెలలు నన్ను ఎవరూ విసరకుండా, పడటం ఎలాగో, నేల మీద పట్లు ఎలాగో మాత్రమే నేర్చుకుంటాను” అని అడగాలి. జూడోలో పడటం నేర్పే సాధన ఉంది, దాన్ని ఉకెమి అంటారు: గడ్డం ఛాతీకి ఆనించి, అరచేతిని చాపి నేలకేసి కొట్టి, దెబ్బ ఒళ్ళంతా పంచుకుపోయేలా పడటం. ఈ ఒక్కటి బాగా వస్తే బాత్రూంలో జారినా పనికొస్తుంది. ఒప్పుకున్న కోచ్ దగ్గర నిశ్చింతగా చేరండి. “అందరూ చేసేదే నువ్వూ చెయ్యాలి” అన్నవాడు చెడ్డ కోచ్ కాకపోవచ్చు, మీకు మాత్రం పనికిరాడు. భాష గురించి బెంగ వద్దు. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో కోచ్ ఒడియా ఆయనైనా సగం తెలుగులో అర్థం చేసుకుంటాడు, మనకి ఒడియా ఎలాగూ వచ్చు. కేకలేమో జపాన్ భాషలో వేస్తారు కాబట్టి ఇద్దరూ సమానమే.

రెండోది జోడీ. చిన్న ఊళ్ళ జూడో క్లబ్బుల్లో ఎక్కువమంది స్కూలు పిల్లలు, జిల్లా పోటీలకి తయారయ్యేవాళ్ళు. పధ్నాలుగేళ్ళ కుర్రాడు మిమ్మల్ని రెండు సెకన్లలో పడగొడితే వచ్చే సిగ్గు పెద్ద సమస్య కాదు, వారంలో పోతుంది. అసలు సమస్య మీ బరువు. అలవాటు లేని బరువైన మనిషి తూలి పిల్లాడి మోకాలి మీద పడితే ఆ పిల్లాడి ఏడాది పోతుంది. కాబట్టి మీ బరువుకి దగ్గరగా ఉన్న పెద్దవాడు కనీసం ఒక్కడైనా ఉన్నాడా చూడండి. లేకపోతే మీరే ఒక స్నేహితుణ్ణి, బావమరిదిని, పక్క షాపు ఆయన్ని లాక్కెళ్ళండి. ఇద్దరు కలిసి చేరితే ఒకడు మానేద్దామనుకున్న రోజు రెండోవాడు ఇంటి ముందు బండి ఆపి హారన్ కొడతాడు.

మూడోది నేల మీద ఇచ్చే టైము. జూడో పోటీలో కింద పని ముందుకు సాగకపోతే రిఫరీ త్వరగానే లేపేస్తాడు, అందుకని కొన్ని క్లబ్బుల్లో నేల పట్లు అసలు పట్టించుకోరు. వారంలో ఒక క్లాసు దానికే కేటాయించే క్లబ్బు దొరికితే మీ అదృష్టం. అక్కడ పక్కనుంచి అదిమి పట్టడం, ఆ పట్టు కింద నుంచి తప్పించుకోవడం నేర్చుకున్నవాడు రేపు జియు-జిట్సు అకాడమీకి వెళ్తే వాళ్ళు మొదటి మూడు నెలలు నేర్పేదాంట్లో సగం వచ్చినవాడై ఉంటాడు. గార్డ్ ఆడటం, కింద నుంచి తిరగేయడం మాత్రం అక్కడికెళ్ళాకే. కాలి మడమల పట్లు జూడోలో లేవు. కొత్తవాడికి అవి లేకపోవడమే మేలు.

ఆఖడా

గంజాం వైపు ఆఖడాలకీ వ్యాయామశాలలకీ పాత మర్యాద ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం ఎత్తిన కాటులు రవికుమార్ బరంపురం మనిషే. ఖర్చు తక్కువ, తెల్లవారుజామునే అయిపోతుంది కాబట్టి దుకాణం తెరిచే వేళకి స్నానం చేసి రెడీగా ఉండొచ్చు. ఒళ్ళు గట్టిపడటానికి దండాలు, బైఠకులకి మించినవి లేవు, మోకాళ్ళు ఒప్పుకున్నన్నే చేస్తే.

కుస్తీ పట్టడానికైతే ముప్పై అయిదు దాటిన కొత్తవాడికి నేను ఆఖరున పెడతాను. అక్కడ వేగం ఎక్కువ, కింద పడ్డవాడికి విశ్రాంతి లేదు. ట్యాప్ చేసి, అంటే ఇక చాలని చేత్తో తట్టి వదిలించుకునే అలవాటు ఆ ఆటలో లేదు. మెడ మీద భారం వేసి వంతెనలా ఎత్తే సాధన పొట్ట ఉన్నవాడు మొదటి నెలల్లో అసలు ముట్టకూడదు. పొద్దున్న ఆఖడాలో వ్యాయామం, సాయంత్రం వారానికి రెండుసార్లు జూడో పెట్టుకునే తీరిక ఉంటే ఇక్కడ అంతకంటే మంచి ఏర్పాటు దొరకదు. ఆ తీరిక ఎంతమందికి ఉందో మనకు తెలియనిది కాదు.

కరాటే, తైక్వాండో మంచివే, కానీ మీకు కావల్సింది మనిషిని పట్టుకుని దొర్లడమైతే వాటి గురించి ఈ పోలికలో చెప్పడానికేమీ లేదు.

మేడ మీద మ్యాట్లు

క్లబ్బే లేని ఊరైతే ఇది తప్ప గతి లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఫోమ్ మ్యాట్లు కొనేటప్పుడు 20 మిల్లీమీటర్లవి తీసుకోకండి, యోగాకి బాగుంటాయి గానీ మోకాలు కిందనున్న గచ్చుని కనిపెట్టేస్తుంది. 40 మిల్లీమీటర్లవి చూడండి. పదడుగుల చదరం లేనిదే ఇద్దరు దొర్లలేరు. వీడియోలు వారానికొకటి మార్చకుండా ఒక్క పొజిషన్ మీద నెలంతా ఉండండి. వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, తుంటి పక్కకి జరపడం, చేతి మీద ఆని లేచి నిలబడటం: ఈ మూడూ రోజూ పది నిమిషాలు చేసినవాడి పొట్ట సంగతి ఏమోగాని కదలిక మారుతుంది. గొంతు పట్లు, మడమ పట్లు నేర్పేవాళ్ళు పక్కన లేకుండా ఒకరి మీద ఒకరు ప్రయత్నించొద్దు. ఇందులో మినహాయింపులు లేవు.

గీ వేసుకునేదా, లేకుండానా

గీ అంటే దళసరి నూలు కోటు, ప్యాంటు, బెల్టు. లేకుండా అంటే ఒంటికి అతుక్కునే టీషర్టు, జేబులూ జిప్పులూ లేని నిక్కరు. కొత్తవాడికి, అందులోనూ వయసు మీదపడ్డవాడికి నేను గీయే చెప్తాను. బట్ట పట్టుకోడానికి దొరుకుతుంది కాబట్టి ఆట నెమ్మదిస్తుంది, చెమటకి జారిపోయి ఎగబడటం తగ్గుతుంది. వేళ్ళు నొప్పి పెడతాయి, అది మాత్రం ఉంది.

మన దగ్గర ఇంకో తిరకాసు వాన. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా బరంపురంలో ఉతికిన గీ రెండు రోజులకి గానీ ఆరదు, ఆరకపోతే కంపు, కంపుతోపాటు తామర. పల్చటి ఒంటి నేత జూడో గీ ఒకటి కొనండి. మీరట్, జలంధర్ తయారీవి ఆన్‌లైన్లో దొరుకుతాయి, జూడోకీ జియు-జిట్సు సాధనకీ రెంటికీ పనికొస్తుంది. జూడో కోటు చేతులు, కింది అంచు కొంచెం వెడల్పు, ఎదుటివాడికి పట్టు ఎక్కువ దొరుకుతుంది, అంతే. రెండోది మూడు నెలలు నిలిచాక కొనుక్కోవచ్చు. ఈలోగా క్లాసు అవగానే ఉతికి ఫ్యాను కింద వెయ్యండి.

తామర మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. క్లాసు అయిన అరగంటలో సబ్బుతో స్నానం తప్పదు. ఎర్రటి గుండ్రటి మచ్చ కనిపిస్తే మానే వరకూ మ్యాట్ ఎక్కకూడదు, మెడికల్ షాపు వాడిచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాస్తే పైకి తగ్గినట్టే ఉండి లోపల పాకుతుంది. చర్మం డాక్టరుకే చూపించండి. గోళ్ళు ముందురోజే తీసుకోవాలి. ఉంగరాలు, కడియం, తాయెత్తు, మెడలో గొలుసు, చెవిపోగులు తీసేయాలి. మొలతాడు తీయనివాళ్ళు నిక్కరు లోపలికి గట్టిగా దోపుకోవాలి. ఆడవాళ్ళకి మెట్టెలూ మంగళసూత్రమూ దగ్గరే చిక్కు. మెట్టె ఎదుటివాళ్ళ గీలో తగులుకుంటే వేలు విరుగుతుంది, సూత్రం మెడకి బిగుస్తుంది. అత్తగారికి ఈ సంగతి మొదటి క్లాసుకి ముందే చెప్పుకోవడం మంచిది. క్లాసులో ఇంకో ఆడమనిషి ఉన్నారా, లేకపోతే కోచ్ ఎవరితో జోడీ కడతారు అన్నదీ అడిగి చేరండి.

ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి

ఎక్కడ చేరినా ఇది చేయండి. చూడాల్సింది కోచ్ గోడ మీది పతకాలు కాదు. ఎవరైనా ట్యాప్ చేయగానే ఎదుటివాడు వెంటనే వదులుతున్నాడా? కొత్తవాణ్ణి పెద్ద బలశాలితో కలబడమంటున్నారా? అలసి పక్కకొచ్చి కూర్చున్నవాణ్ణి ఎవరైనా వెటకారం చేస్తున్నారా? క్లాసు అయ్యాక మ్యాట్ తుడుస్తున్నారా? మొదటిరోజే పూర్తి పోరాటం పెట్టే చోటైతే మర్యాదగా లేచి వచ్చేయండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటే నవ్వి నెలకే కట్టండి.

చేరాక మొదటి నెలంతా కిందే ఉంటారు. ఊపిరాడనట్టు అనిపించి గాభరా వస్తుంది; ట్యాప్ చేసి, ముక్కుతో నాలుగు గుక్కలు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టండి. ట్యాప్‌కి లెక్క లేదు. సాయంత్రం క్లాసైతే రెండు గంటల ముందు గుప్పెడు ముఢీ (మరమరాలు), ఒక అరటిపండు చాలు. మధ్యాహ్నం నిండుగా దాల్మా అన్నం తిన్న రోజు పొట్ట మీద మోకాలు పడితే మీకే తెలుస్తుంది. తెల్లబెల్టు నుంచి నీలంబెల్టుకి వారానికి రెండు రోజుల లెక్కన రెండేళ్ళు పైమాటే. నల్లబెల్టుకి పదేళ్ళు మామూలు. పోటీల వయసు దాటిపోయిందనీ అనుకోనక్కర్లేదు: అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో 30 నుంచి మాస్టర్ 1, 36 నుంచి మాస్టర్ 2, 41 నుంచి మాస్టర్ 3 అని వేరే విభాగాలున్నాయి, తెల్లబెల్టుకి ఆట 5 నిమిషాలే.

ఇక మనిషిని బట్టి. బరంపురంలో దుకాణం ఉండి రాత్రి తొమ్మిదికి షట్టర్ దించే ఆయనకి సాయంత్రం క్లాసు కలలో మాట. పొద్దున్న బ్యాచ్ ఉన్న జూడో చూసుకోవాలి, అది లేకపోతే పొద్దున్న ఆఖడా, మధ్యాహ్నం బేరాలు పల్చగా ఉన్నప్పుడు స్నేహితుడితో మ్యాట్. పర్లాకిమిడి, గునుపురం టీచర్లకి సాయంత్రాలు ఖాళీ, సెలవులు ఎక్కువ. మామూలు రోజుల్లో ఊళ్ళో సాధన, వేసవి సెలవుల్లో విశాఖలోనో హైదరాబాదులోనో చుట్టాలింట్లో ఉండి నెల రోజులు అకాడమీ. రాయగడ దగ్గర జేకేపూర్ మిల్లులో షిఫ్టులు మారేవాళ్ళకే ఇబ్బంది ఎక్కువ: ఒక వారం పొద్దున్న, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. వాళ్ళు రెండు పూటలా క్లాసున్న చోటే చేరాలి, నెల ఫీజు బదులు క్లాసుకి ఇంత అని తీసుకుంటారా అడగాలి. రాత్రి షిఫ్టు వారం మ్యాట్ జోలికే పోకుండా నిద్రపోవాలి. నిద్ర చాలని ఒంటితో దిగితే ట్యాప్ చేయడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది, మోచెయ్యి ఆ క్షణంలోనే పోతుంది.